ఏ సెకండు దగ్గర ఆగుతోంది

బెల్లంకొండ,
అక్టోబరు 21.

చిరంజీవి ధరణికి,

దీవెనలూ క్షేమసమాచారాలూ చివర్లో రాస్తాను, ముందు నీ ఫోను సంగతి విను. దగ్గరుంటే డీఎస్సీ చదువు సాగదని దాన్ని నా చేతిలో పెట్టి అవనిగడ్డ హాస్టలుకి వెళ్లిపోయావు. బాగానే ఉంది. ఇప్పుడు దానికి నత్తి పట్టుకుంది.

నవ్వకు. మీ బాబాయికి ఉన్నది ఫోనుకి అంటుకుందని మన పక్క చేను జాన్ సాహెబ్ ఇప్పటికే నవ్వాడు.

డిసెంబరు పదిహేనున నీటి సంఘం ఎన్నికలు. మన కాలువకు మెంబరుగా, చివరి పొలాలవాళ్ల తరఫున మీ బాబాయి నిలబడుతున్నాడు. నాలుగేళ్లుగా ఆఖరి తడికి నీళ్లందక మన మిరప ఎండిపోతున్న సంగతి నీకు తెలుసు. రోజూ కట్ట వెంట నడిచి, ఏ తూము దగ్గర ఎంత నీరుందో కర్రతో కొలిచి పుస్తకంలో రాసుకునే మనిషి ఈయనొక్కడే. చెప్పబోతే మాత్రం మాట పెగలదు. పోయినేడు మీటింగులో ఇంజినీరుగారి ముందు లేచి "ప… ప…" అంటుంటే వెనకనుంచి ఎవరో అలాగే అన్నారు. అందరూ నవ్వారు. "తర్వాత ఎవరండీ" అన్నాడు ఇంజినీరు. ఆ రోజు మీ బాబాయి ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే ఈసారి ముందే వీడియో తీసి రైతుల గ్రూపులో పెడదామని నేనే పట్టుబట్టాను.

తీయడం బాగానే తీశాం. కట్టమీద ఆయన్ని నిలబెట్టి నీ ఫోనుతో కొంత, జాన్ సాహెబ్ ఫోనుతో కొంత. యాప్‌లో పెట్టి కాస్త చక్కదిద్ది ఆడిస్తే మాత్రం బొమ్మ గతుకుల రోడ్డు మీద బస్సులా పోతోంది. ఆగుతుంది, ఎగురుతుంది, మళ్లీ ఆగుతుంది. పెదాలు ఒక మాట అంటుంటే గొంతు ఇంకో మాట అంటోంది. ఎక్స్‌పోర్ట్ చేసి గ్యాలరీలోకి దించినా అంతే. ఫోను పెనంలా కాలిపోతోంది. సత్తెనపల్లి స్టూడియోలో రెండేళ్లు ఇదే పని చేశావు కదా, నాకు అర్థమయ్యేలా రాయి.

ఇక్కడంతా కులాసా. అక్కడ అన్నం సరిగ్గా పెడుతున్నారా?

నీ పిన్ని,
నాగేంద్రమ్మ


అవనిగడ్డ,
అక్టోబరు 28.

పిన్నీ,

హాస్టల్లో నాకు ఉత్తరం వచ్చిందంటే అందరూ చుట్టూ మూగారు, ఎవరో కుర్రాడు రాశాడని. చింపి చూస్తే ఎక్స్‌పోర్ట్! నా పరువు తీశావు.

ఒక సంగతి చెబుతాను. యాప్‌లో ఆడించేటప్పుడు ఆగడం వేరు, ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆగడం వేరు. యాప్‌లో ఉన్నంతసేపూ ఫోను అప్పటికప్పుడు బొమ్మలన్నీ కూర్చి చూపిస్తుంటుంది. దానికి ఊపిరాడకపోతే నిలబడిపోతుంది. దానికి కంగారు పడక్కర్లేదు. తయారైన ఫైలు గ్యాలరీలో కూడా ఆగితేనే రోగం.

ఇందులో నా తప్పూ ఉంది. స్టూడియో అలవాటుకొద్దీ కెమెరాని ఫోర్ కే, అరవై ఫ్రేముల్లో పెట్టి వదిలేశాను. అంటే సెకండుకి అరవై పెద్ద పెద్ద బొమ్మలు. పాపం ఆ ఫోను అంత బరువు మొయ్యలేదు. ఇకనుంచి 1080, ముప్పై పెట్టు. ఇప్పటికే తీసినవాటికి భయం లేదు, ఎక్స్‌పోర్ట్ చేసేచోట కూడా అవే అంకెలుంటాయి, ఎంచుకో. తర్వాత ఫోనులో ఖాళీ ఎంతుందో చూడు. నిండిపోయి ఉంటే కొత్త ఫైలు రాసుకోవడానికి చోటుండదు. నా పాత పెళ్లి వీడియోలన్నీ తీసి పారెయ్యి, ఆ పెళ్లివాళ్లే మళ్లీ చూసి ఉండరు. కవరు ఊడదీసి, ఛార్జరు పీకి, మిగతా యాప్‌లు మూసేసి, నీడపట్టున పెట్టి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. అయ్యేదాకా మధ్యలో వాట్సాప్ తెరవకు. తెరుస్తావని తెలిసే చెబుతున్నాను.

జాన్ సాహెబ్ మామ ఫోనులో ఎన్ని ఫ్రేములు ఉందో కూడా చూసి రాయి. నాకిప్పుడు బాలల మనోవికాసం చదవాలని లేదు, ఆ వీడియో ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలని ఉంది.

ధరణి


బెల్లంకొండ,
నవంబరు 5.

ధరణీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పన్నెండు పెళ్లిళ్లు తీసేశాను. ఒకదాంట్లో పెళ్లికూతురు ముద్దుగా ఉంది, దాన్ని మాత్రం ఉంచుకున్నాను.

సగం రోగం కుదిరింది. కాలువ, గట్టు మీద కొంగలు, ఎండిన మన చేను, ఇవన్నీ ఇప్పుడు నున్నగా పోతున్నాయి. పెదాలూ గొంతూ కలిశాయి. ఫోను వేడెక్కడం లేదు. మీ బాబాయి మాట్లాడే చోట మాత్రం మళ్లీ అదే గతుకు. అంటే కొంగలకు లేని కష్టం మనిషికి వచ్చింది.

జాన్ సాహెబ్ ఫోను చూపించమంటే ఆయనకు కోపమొచ్చింది.

"ఏందమ్మా, నా ఫోనుకేమైంది? నిన్నగాక మొన్న మా మనవరాల్ని తీశా, చానా బాగొచ్చింది" అన్నాడు. బతిమాలి చూస్తే ఫ్రేముల దగ్గర ఆటో అని ఉంది.

మీ బాబాయి నా అవస్థ చూసి "వ… వ…" అన్నాడు. వద్దులే అనబోతున్నాడని తెలిసి "వద్దని మాత్రం అనబాకయ్యా" అని నేనే అందుకున్నాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన మాట ఎటు పోతుందో ఆయనకన్నా నాకే ముందు తెలుస్తుంది. కర్ర తీసుకుని కట్టవైపు వెళ్లిపోయాడు.

ఈసారి ఎలాగైనా ఆయన్ని అందరూ వినాలి. వినకపోతే ఇంక జన్మలో నలుగురిలో నోరు తెరవడు. అది నాకు తెలుసు. తొందరగా రాయి.

పిన్ని


అవనిగడ్డ,
నవంబరు 12.

పిన్నీ,

ఆటో అంటే నాకు అనుమానమే. ఆటోలో పెడితే కొన్ని ఫోన్లు వెలుతురు తగ్గినప్పుడు సెకండుకి ముప్పై బొమ్మలు తీయాల్సింది ఇరవై నాలుగు తీసి ఊరుకుంటాయి. ఆ ముక్కనీ నా ఫోను ముక్కనీ పక్కపక్కన పెడితే ఒకడు పరిగెడుతుంటే ఇంకొకడు నడిచినట్టుంటుంది. మామ తీసిన ముక్కలన్నీ పక్కన పెట్టి, నా ఫోనుతో తీసినవే ఉంచి ఒకసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. మామకు చెప్పకు.

అప్పుడూ ఆగితే ఒక పని చెయ్యి. కాగితం, పెన్సిలు తీసుకుని గ్యాలరీలో ఆ వీడియోని మూడుసార్లు ఆడించు. ఏ సెకండు దగ్గర ఆగుతోందో, అక్కడ బాబాయి ఏ మాట అంటున్నాడో రాసుకో. ఆడించిన ప్రతిసారీ వేరే వేరే చోట ఆగితే ఫోను అలసిపోతోందని అర్థం. మూడుసార్లూ అదే సెకండు దగ్గర ఆగితే ఫోను తప్పేం లేదు, ఆ వీడియోలోనే ఏదో ఉంది. స్టూడియోలో మేం చూసే మొదటి పరీక్ష ఇదే. నీకు మొదటే చెప్పాల్సింది.

నిన్న క్లాసులో సారు ఏదో అడిగితే "ముప్పై ఫ్రేములండీ" అన్నాను. తలకొట్టేసినట్టయింది.

ధరణి


బెల్లంకొండ,
నవంబరు 19.

ధరణీ,

జాన్ సాహెబ్ ముక్కలు తీసేశాను. అయినా అంతే. మూడుసార్లు ఆడించాను, నాలుగోసారి కూడా ఆడించాను. ప్రతిసారీ అదే చోటు, వెంట్రుకవాసి తేడా లేదు.

ఏడో సెకండు, 'పై తూములు' అనే ముందు. పందొమ్మిది, 'కాలవ' ముందు. ఇరవై ఆరు, 'పొలం'. ముప్పై నాలుగు, 'కర్ర'. నలభై, 'పంట'. యాభై రెండు, 'కొలిచాను'. నిమిషం మీద మూడు, 'ప్రభాకరరావు'. ఇంకా ఉన్నాయి, కాగితం నిండిపోయింది. ఈ ప్రభాకరరావు పై తూము దగ్గర పొలమున్నాయన, ఇప్పుడున్న మెంబరు, మళ్లీ నిలబడుతున్నాడు.

ఎన్నిక దగ్గర పడుతోందని నిన్న ఆ వీడియోని అలాగే గ్రూపులో పెట్టేశాను. ఎగిరితే ఎగిరింది, మాట మాత్రం గుక్క తిప్పుకోకుండా స్పష్టంగా ఉంది. ముప్పైమంది బొటనవేళ్లు పెట్టారు. మీ బాబాయికి ఇంకా చూపించలేదు, తన మొహం తను చూసుకోడుగా.

పిన్ని


అవనిగడ్డ,
నవంబరు 25.

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్కో మాటా పైకి అనుకుంటూ చదివాను. పై, పొలం, పంట, ప్రభాకరరావు. కాలవ, కర్ర, కొలిచాను. అన్నీ ప, క. ఫోనుకి అక్షరాలు తెలియవు. అవి ఫోను ఆగే చోట్లు కావు, బాబాయి ఆగే చోట్లు. ఆయన ఆగినచోటల్లా నువ్వు కత్తిరించావు కదూ?

నిలబడి మాట్లాడే మనిషి మధ్యలో రెండు సెకండ్లు తీసేస్తే, ఆ రెండు సెకండ్లలో ఆయన తల కదిలి ఉంటుంది, చెయ్యి లేచి ఉంటుంది. ముక్కలు కలిపేసరికి మనిషి ఎగిరినట్టు కనబడతాడు. దాన్ని ఏ సెట్టింగూ సరిచెయ్యలేదు. నువ్వు ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే నాకు ఇంత బుర్ర పగిలేది కాదు.

కప్పిపుచ్చే దారి ఉంది. అతుకు వేసిన ప్రతిచోటా పైన కాలువ బొమ్మో కొంగల బొమ్మో పరిచి, కింద గొంతు మాత్రం నడిపించవచ్చు. స్టూడియోలో రోజూ చేసేవాళ్లం. కావాలంటే ఎలాగో రాస్తాను. కానీ ముందు బాబాయిని అడుగు.

ఆయన ఎక్కువగా ప, క దగ్గరే ఆగుతాడని నాకెలా తెలుసో కూడా చెప్పేస్తాను. ఎనిమిదో తరగతిలో నేను బాబాయిలా మాట్లాడి ఫ్రెండ్స్‌ని నవ్వించేదాన్ని. ఏ అక్షరం దగ్గర ఎంతసేపు ఆగాలో నేర్చుకుని మరీ చేసేదాన్ని. ఒకరోజు వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను సైకిలెక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది పిన్నీ.

ధరణి


బెల్లంకొండ,
డిసెంబరు 2.

ధరణీ,

అవును, కత్తిరించాను. ముప్పై ఒక్క చోట్ల. నాలుగు నిమిషాల నలభై సెకండ్లు ఉన్నదాన్ని రెండు నిమిషాల పదికి తెచ్చాను. ఏం తప్పు చేశాను? నలుగురు నవ్వుతుంటే ఆయన మొహం ఎలా అయిపోతుందో చూసేది నేను. నువ్వు నీతులు చెప్పకు. చిన్నప్పుడు వెక్కిరించినదానివి నువ్వేనని ఇప్పుడే తెలిసింది, ముందు తెలిస్తే నాలుగు తగిలించేదాన్ని.

అని రాసి ఈ కాగితం చింపేద్దామనుకున్నాను. నిన్న ఇంకోటి జరిగింది కాబట్టి చింపకుండా కింద రాస్తున్నాను.

టీ కొట్టు దగ్గర ప్రభాకరరావు అన్నాడట: "ఆ వీడియో అంతా ఏఐ. లక్ష్మీనరసయ్య ఎప్పుడన్నా అట్టా గడగడా మాట్లాడాడా? వాళ్ల అన్న కూతురు స్టూడియోలో చేసిందిగా, గొంతు కంప్యూటర్‌లో చేయించారు. బొమ్మ ఎగరటం కనపడలా?" నిజమే కదా, ఎగురుతోంది. బొటనవేళ్లు పెట్టినవాళ్లే ఇప్పుడు అడుగుతున్నారు. ఆయన నీళ్ల లెక్క కూడా కంప్యూటర్ చెప్పిందేనా అంటున్నారు. పుస్తకం పట్టుకుని ఇన్నేళ్లు ఎండలో నడిచిందంతా నా కత్తిరింపులతో అబద్ధమైపోయింది.

జాన్ సాహెబ్ వచ్చి చెబితే మీ బాబాయి ఫోను తెమ్మన్నాడు. అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాడు. చూసి, "ఈ… ఈయనెవరే?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మొ… మొత్తం పెట్టు. నేను మా… మాట్లాడినదంతా" అన్నాడు.

నాకు భయంగా ఉంది. అందరూ నవ్వితే? ఏం చెయ్యాలో చెప్పు, వెంటనే.

పిన్ని


అవనిగడ్డ,
డిసెంబరు 6.

పిన్నీ,

దీన్ని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, త్వరగా అందాలి.

కత్తిరించిన ప్రాజెక్టు జోలికి పోకు. గ్యాలరీలో అసలు వీడియో అలాగే ఉంటుంది. దాన్ని యాప్‌లో వేసి, ఏదీ తీయకుండా, ఏదీ కలపకుండా, పాట పెట్టకుండా, 1080, ముప్పైలో ఎక్స్‌పోర్ట్ చెయ్యి. గ్రూపులో వీడియోలా కాకుండా డాక్యుమెంటులా పంపు, లేకపోతే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది. అంతే. ఇంతకన్నా తేలికైన ఎక్స్‌పోర్ట్ నేను స్టూడియోలో కూడా చెయ్యలేదు.

ఇంకొకటి, తిట్టుకున్నా సరే. మీటింగులో బాబాయి మాట ఆగితే నువ్వు అందుకోకు. నవ్వితే నవ్వనీ.

బాబాయికి నేను రాసింది చదివి వినిపించు, ఎనిమిదో తరగతి సంగతి.

ధరణి


బెల్లంకొండ,
డిసెంబరు 17.

ధరణీ,

వినిపించాను. "అది అ… అచ్చం నాలాగే చేసేది" అని నవ్వాడు. నీకీ మాట చెప్పమన్నాడు.

మొత్తం వీడియో పదో తారీఖున పెట్టాను. ఒక్కచోట కూడా బొమ్మ ఎగరలేదు, ఆగలేదు. నాలుగు నిమిషాల నలభై సెకండ్లూ పిల్లకాలువలా సాగిపోయింది. జాన్ సాహెబ్ చూసి, "ఇదిగో, ఇదీ మా నరసయ్య" అన్నాడు. ఆ తర్వాత ఏఐ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పదిహేనున పొద్దున్నే స్కూల్లో మీటింగు. మీ బాబాయి లేచాడు. పుస్తకం తెరిచాడు. పై తూముల లెక్క చెప్పాలి, మొదటి పేరే "ప… ప…" దగ్గర ఆగిపోయింది. నా నోటిదాకా వచ్చింది ప్రభాకరరావు అని. పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను, నిజంగానే. ఎంతసేపని చెప్పను, నాకైతే ఒక పంటకాలం గడిచినట్టుంది. అప్పుడు ప్రభాకరరావే ముందు వరసలోంచి, "నా పేరేగా లక్ష్మీనరసయ్యా, నిదానంగానే అను, నేనేడికీ పోను" అన్నాడు. అందరూ నవ్వారు. మీ బాబాయి కూడా నవ్వాడు. నవ్వుతూనే, "ప్రభాకరరావు తూముకి రెండడుగుల నీళ్లు. నా తూముకి నాలుగంగుళాలు" అన్నాడు. ఆ తర్వాత పన్నెండు తూముల లెక్కా చెప్పాడు. అరగంట పట్టింది. ఎవరూ లేవలేదు. నీళ్ల ఆఫీసునుంచి వచ్చినాయన ఆ పుస్తకం అడిగి తీసుకుని అంకెలన్నీ ఎక్కించుకున్నాడు.

చేతులెత్తమన్నారు. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది మనవి. ఓడిపోయాం.

మధ్యాహ్నం అన్నం పెట్టాను. పోయినేడులాగే తినకుండా లేచిపోతాడేమోనని ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. కూర కలుపుకుని తిన్నాడు. తర్వాత నావైపు చూసి "పె… పె…" అన్నాడు. పెరుగనుకుని గిన్నె అందుకున్నాను. నీ ఉత్తరం గుర్తొచ్చి గిన్నె పట్టుకునే ఆగాను.

"పె… పెళ్లిచూపుల్లో నిన్నొకటి అడగబోయా" అన్నాడు.

నాకు బాగా గుర్తుంది. ధరణికోటలో మా ఇంటి వసారాలో మమ్మల్నిద్దర్నే కూర్చోబెట్టారు. ఆయన "నీకు ఇ… ఇ…" అన్నాడు. పాపం కష్టపడుతున్నాడని నేనే అందుకుని, ఇంటర్ పాసయ్యాను, సెకండ్ క్లాసు అని చెప్పాను. తలూపాడు. వారంలో తాంబూలాలు తీసుకున్నారు.

"అదేగా అడిగింది, ఇంటర్ అని?" అన్నాను.

"కాదే."

"మరేందయ్యా?"

ఆగాడు. నేనూ ఆగాను.

"నీకు ఇ… ఇ… ఇష్టమేనా అని."

ఇరవై ఆరేళ్లు ధరణీ. ఇన్నేళ్లూ ఆ మాట ఆయన దగ్గరే ఉండిపోయింది, నాకు తెలియనే తెలియదు. ఇంకా ఎన్ని మాటలు అలా మింగించానో.

ఏం చెప్పావు పిన్నీ అని అడుగుతావు. చెప్పాను. చెప్పడానికి నాక్కూడా చాలాసేపు పట్టింది, మాట సగంలోనే ఆగిపోయింది. ఏమనబోతున్నానో ఆయనకు తెలియక కాదు. అయినా అందుకోలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని, నేను పూర్తి చేసేదాకా అలాగే కూర్చున్నాడు.

నీ పిన్ని,
నాగేంద్రమ్మ